అయిదో ప్లేటు

మా పక్క ఫ్లాటులో ఉండే అమ్మాయి ఈ మధ్య ఆటోమేటిక్ కారు కొంది. స్వీట్లు ఇవ్వడానికి వచ్చి, "ఆంటీ, ఇందులో గేర్లు మనం వెయ్యక్కర్లేదు, అదే మార్చుకుంటుంది" అని ఎంతో ఓపిగ్గా వివరించింది. నేనూ అంతే ఓపిగ్గా విన్నాను. ఆ అమ్మాయి పుట్టకముందే అలాంటి గేర్‌బాక్సు లోపలి ముక్కల్ని వేళ్లతో తడిమి, ఏది ఎక్కడిదో చెప్పేదాన్నని అంటే నమ్మేదో లేదో. ఆమెకు చెప్పలేదు. వర్క్‌షాపుల్లో, స్టోర్లలో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఇక్కడ రాస్తున్నాను.

మాది నరసాపురం దగ్గర. డెబ్బైల చివర్లో ఢిల్లీ వచ్చాను. మా అక్క అప్పటికే ఘాజియాబాద్‌లో ఒక ధర్మాసుపత్రిలో నర్సు. ఆసుపత్రి వెనక క్వార్టర్స్‌లో ఆమెకిచ్చిన ఒంటి గదిలోనే నేనూ చేరాను. టైపు హయ్యరు ప్యాసయ్యాను గనుక కరోల్ బాగ్‌లో ఒక మోటారు వర్క్‌షాపులో టైపిస్టు ఉద్యోగం దొరికింది. పొద్దున్నే పాసింజరు రైలు, అది దిగి బస్సు. సాయంత్రం అదే వరుస వెనక్కి.

మా వర్క్‌షాపుకి విదేశీ కార్లు వచ్చేవి. ఆ రోజుల్లో మన కార్లన్నీ చేత్తో గేరు వేసేవే. ఎంబసీల వాళ్లు తెచ్చుకున్న పెద్ద పెద్ద అమెరికన్ బళ్లలో మాత్రం ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉండేది. వాళ్లు దేశం విడిచి వెళుతూ వాటిని ఇక్కడే అమ్మేసేవారు. కొన్నవాళ్లు రెండేళ్లు దర్జాగా తిరిగి, ఒక రోజు లారీకి కట్టి మా దగ్గరికి లాక్కొచ్చేవారు.

నేను చేరిన ఏడాదికి మా స్టోరు గుమస్తా గల్ఫ్ వెళ్లిపోయాడు. "ఈ అమ్మాయికి ఇంగ్లీషు చదవడం వచ్చు కదా" అని నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఇంగ్లీషు వచ్చిన మాట నిజమే. పిస్టనుకీ పంపుకీ తేడా మాత్రం తెలియదు.

ఆ తేడా నేర్పినవాడు మా హెడ్ మెకానిక్. అరవైకి దగ్గరపడ్డ సర్దార్జీ. అందరూ ఉస్తాద్‌జీ అనేవారు. లాహోర్‌లో పని నేర్చుకుని, దేశం రెండు ముక్కలైనప్పుడు ఒక సంచీలో పానాలు మాత్రం పట్టుకుని వచ్చినవాడు. మొదట్లో నన్ను "మద్రాసన్" అని పిలిచేవాడు. నరసాపురానికీ మద్రాసుకీ ఎంత దూరమో చెప్పాను. శ్రద్ధగా విని, "అచ్ఛా, మద్రాసన్" అన్నాడు.

మా పద్ధతి ఇలా ఉండేది. ఉస్తాద్‌జీ గేర్‌బాక్సు విప్పి, మార్చాల్సిన సామాను పేర్లు చెప్పేవాడు. నేను చీటీ మీద రాసుకుని, మా స్టోరులోనో, కశ్మీరీ గేటు కొట్లలోనో, మాయాపురి తుక్కు గుట్టల్లోనో వెతికేదాన్ని. దొరికిన వస్తువు పక్కన "సరిపోతుంది" అని రాసి సంతకం పెట్టేదాన్ని. నా సంతకం లేకపోతే ఆయన బిగించేవాడు కాదు. ఇరవై మూడేళ్ల పిల్లకి ఆ సంతకం ఎంత గర్వమో మీరు ఊహించుకోవచ్చు. ఆ గర్వమే నన్ను ముంచింది.

ఆ బండి మా అక్కవాళ్ల ఆసుపత్రిదే. విదేశంలో ఏదో చర్చి వాళ్లు వాడి, బాగుచేసి, ఓడలో పంపిన పొడుగాటి తెల్ల వాన్. ఆ ఆసుపత్రికి ఉన్న ఒకే ఒక్క అంబులెన్సు. మూడేళ్లు బాగానే నడిచి, తర్వాత ముందుకు కదలడం మానేసింది. ఇంజను గోల చేస్తుంది, చక్రం తిరగదు. అక్క చెప్పగా మా వర్క్‌షాపుకే తెచ్చారు.

ఉస్తాద్‌జీ విప్పాడు. ఆటోమేటిక్ గేర్‌బాక్సు లోపల డ్రమ్ముల్లాంటివి ఉంటాయి. ఒక్కో డ్రమ్ములో గుండ్రటి ప్లేట్లు, ఒకటి ఉక్కుది, ఒకటి పైన రాపిడి పూత ఉన్నది, వంతులవారీగా పేర్చి ఉంటాయి. ఆయిలు ఒత్తిడికి అవి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటేనే బండి కదులుతుంది. జారితే అరిగి మాడిపోతాయి. ఈ బండిలో ముందుకు నడిపే డ్రమ్ములో రాపిడి ప్లేట్లు నాలుగూ బొగ్గయిపోయాయి.

"నాలుగు కావాలి" అన్నాడు ఆయన.

నేను బండి కాగితాలు చూశాను. ఏ కంపెనీ, ఏ ఏడాది అని ఉంది. అదే కంపెనీ, అదే ఏడాది కారు ఒకటి మాయాపురిలో తుక్కుగా పడి ఉందని నాకు తెలుసు. వెళ్లి దాని ప్లేట్లు తీయించాను. పాతదాని మీద పెట్టి చూస్తే చుట్టుకొలత ఒకటే, పళ్లు ఒకటే. పూత కూడా బాగుంది. సాయంత్రానికల్లా చీటీ మీద "సరిపోతాయి" అని రాసి సంతకం పెట్టాను. అంత సులువుగా దొరికినందుకు ఆ రోజు రైల్లో నాలో నేనే నవ్వుకున్నాను.

వాన్ బాగానే నడిచింది. పది రోజులు.

పదకొండో రోజు సాయంత్రం గదికి వెళ్లేసరికి అక్క మంచం మీద కూర్చుని ఉంది. యూనిఫాం మార్చుకోలేదు. దాని నిండా రక్తం.

"ఏమైందక్కా?"

"నీ బండి హిండన్ వంతెన మీద ఆగిపోయింది."

ఫ్యాక్టరీలో ఒకతని చెయ్యి యంత్రంలో పడింది. ఢిల్లీ పెద్దాసుపత్రికి తీసుకెళుతుంటే వంతెన మధ్యలో వాన్ కదలనంది. అక్కా, డ్రైవరూ కలిసి ఒక టెంపోని ఆపి, అతన్ని అందులోకి మార్చేసరికి గంట పైనే పట్టింది. అతను బతికాడు. రెండు వేళ్లు తీసేశారు.

"ఇంకాస్త ముందొచ్చి ఉంటే ఏమైనా చేసేవాళ్లమేమో అన్నాడు డాక్టరు" అంది అక్క. మళ్లీ "ఏమో అన్నాడు, అంతే" అని తనే సర్దింది. ఆ సర్దడం నన్ను ఇంకా ఎక్కువ పొడిచింది.

మర్నాడు వాన్‌ని లాక్కొచ్చారు. ఉస్తాద్‌జీ తిడతాడని సిద్ధపడి వెళ్లాను. ఆయన రెండు గంటల్లో గేర్‌బాక్సు దింపి, విప్పి, మళ్లీ నల్లబడిన నాలుగు ప్లేట్లని నా ముందు పెట్టాడు.

"తప్పు నాదే ఉస్తాద్‌జీ. సంతకం నాది."

"సంతకం నీది. బిగించిన చేతులు నావి. సగం సగం" అన్నాడు. "ఏడవడం అయితే చెప్పు. పని ఉంది."

ఏడవలేదు. కోపం వచ్చింది, నా మీద. ఎందుకు మాడాయి? ఆయిలు సరిపడా ఉంది, పంపు బాగుంది. మైక్రోమీటరు తీసుకుని ప్లేట్లు కొలిచాను. మొదటిసారి వచ్చిన పాతవాటిలో మాడని అంచులు వెతికి అక్కడా కొలిచాను. మందం ఒకటే. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అదే నన్ను పిచ్చెక్కించింది.

అప్పుడు ఉస్తాద్‌జీ ఒక మాట అన్నాడు. "మనకన్నా ముందు దీన్ని విప్పినవాడు సరిగ్గా బిగించాడని నీకెవరు చెప్పారు?"

నిజమే. పంపిన చర్చి వాళ్లు "బాగుచేసి పంపాం" అన్నారు. ఎవరు బాగుచేశారో, ఎలా చేశారో మాకు తెలియదు. లోపల నాలుగు ఉన్నాయి గనుక నాలుగు వేశాం. బండి కాగితాల్లో ఏడాది చూసి సామాను తెచ్చాం. గేర్‌బాక్సు ఏ రకమని అడగనే లేదు. పెళ్లికొడుకు జాతకం చూడమంటే పెళ్లి పందిరి జాతకం చూసినట్టయింది నా పని.

ఇలాంటి గేర్‌బాక్సులకి పక్కన బోల్టు కింద చిన్న రేకు బిళ్ల ఉంటుంది, దాని మీద నంబరు. దీనికి బిళ్ల లేదు. ఎవరో విప్పినప్పుడు పడేసినట్టున్నారు. కిరసనాయిలు, ఇత్తడి బ్రష్షు తీసుకుని నేల మీద కూర్చుని గేర్‌బాక్సు పైతొడుగు మొత్తం రుద్దడం మొదలుపెట్టాను. చీర పాడైపోయింది. మధ్యాహ్నానికి, ఎవరో దళసరిగా వేసిన నల్ల రంగు కింద, అచ్చు గుద్దిన అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి. ఏడు అంకెలు, చివర ఒక అక్షరం.

ఆ అంకెల అర్థం తెలిసిన పుస్తకం నాకు తెలిసి ఢిల్లీలో ఒక్కచోటే ఉంది. ఒక పెద్ద ఎంబసీ మోటారు గ్యారేజీలో. అక్కడి స్టోర్‌కీపరు కేరళ నుంచి వచ్చిన పెద్దాయన, ఫోన్లో సామాను గురించి మాట్లాడుకున్న పరిచయం. మర్నాడు నేరుగా వెళ్లాను. లావు కళ్లద్దాలు. పెన్సిలు చెవి మీద. నన్ను చూసి, "నువ్వేనా ఫోన్ అమ్మాయివి? ఇంత చిన్నదానివనుకోలేదు" అని ఇంగ్లీషులో అన్నాడు.

"అంకుల్, పుస్తకం ఒక్క రోజు ఇస్తారా?"

"బయటికి వెళ్లదు. కానీ నువ్వు లోపలికి రావచ్చు."

గేటు దగ్గర పాసు రాయించి, ఆయన గదిలో ఒక మూల స్టూలు వేశారు. పుస్తకం ఇటుక రాయంత ఉంది. ఒకే బొమ్మ కింద పన్నెండు రకాలు, ఒక్కో రకానికీ చివరి అక్షరం వేరు. బయటినుంచి చూస్తే అన్నీ కవల పిల్లలే. లోపల ఒకదానికి ఇరుసు పళ్లు ఎక్కువ, ఇంకోదానికి వాషరు మందం. మొదటి రోజంతా నేను చూడాల్సిన అక్షరం ఏ పేజీలో ఉందో కూడా దొరకలేదు. రెండో రోజు మధ్యాహ్నం దొరికింది. బరువు బళ్ల కోసం చేసిన రకం. అంబులెన్సులు, సరుకు వాన్లు. వేలు పెట్టి వరుస వెంట వెళ్లాను. ముందు డ్రమ్ము. రాపిడి ప్లేట్లు. సంఖ్య.

"అంకుల్, ఒక్కసారి ఫోన్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

వర్క్‌షాపులో ఉస్తాద్‌జీని పిలిపించాను.

"ఉస్తాద్‌జీ, అయిదు."

"ఏమిటి అయిదు?"

"ప్లేట్లు. ఇందులో ఉండాల్సినవి అయిదు, నాలుగు కాదు. పైన ఉండే ఉక్కు ప్లేటు మామూలుదే ఉండాలి. ముందు బిగించినవాడు అయిదోది దొరక్క, దాని జాగాలో దళసరి ఉక్కు ప్లేటు పెట్టి నింపి ఉంటాడు. మనది ఎంత మందం ఉందో చూడండి."

అవతల రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు. పానాల మోత. పెద్దాయన కళ్లద్దాలు పైకి నెట్టి నన్నే చూస్తున్నాడు. చాలాసేపటి తర్వాత ఉస్తాద్‌జీ ఊపిరి వినిపించింది.

"రెండు ప్లేట్లంత ఉంది" అన్నాడు. తర్వాత, "జగా హై, బిటియా. అయిదోదానికి జాగా ఉంది."

మద్రాసన్ పోయి బిటియా, అంటే చిట్టితల్లి, అయ్యానని ఆ క్షణంలో గమనించనే లేదు. ఫోన్ పెట్టేసి పెద్దాయనతో చెబితే, ఆయన ఇద్దరికీ టీ తెప్పించాడు. అయిదు మోయాల్సిన బరువుని నాలుగు మోశాయి. మొదటి నాలుగూ కొత్తవి గనుక మూడేళ్లు ఓర్చుకున్నాయి, నేను తెచ్చినవి తుక్కులో ఎండిన పాతవి. ఖాళీగానో, తేలిక బరువుతోనో పది రోజులు తిరిగింది. రోగి, నర్సు, సిలిండరు, మంచం అన్నీ ఎక్కి వంతెన ఎత్తు ఎక్కేసరికి జారిపోయాయి. అంతే సంగతి. ఇంత చిన్న సంగతి.

కారణం తెలిసింది, సామాను లేదు. బరువు బళ్ల రకం దేశంలో ఇంకొకటి ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఇంతలో ఆసుపత్రి కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. నెలాఖరులోగా వాన్ తిరిగి రాకపోతే తుక్కుకి అమ్మేస్తామని. అప్పటికి నెలలో పద్దెనిమిది రోజులు పోయాయి.

మళ్లీ ఆ స్టూలు మీదికే వెళ్లాను. ఈసారి ఎదురు దారిలో వెతికాను. బండి పేరు వదిలేసి, ఆ ప్లేటు నంబరు రాసుకుని, పుస్తకంలో అది ఇంకెక్కడైనా ఉందా అని పేజీ పేజీ చూడటం. రెండు రోజులు పట్టింది. కళ్లు మండేవి. రెండో రోజు నాలుగింటికి, మామూలు సెడాన్ కారు పేజీలో, ముందు డ్రమ్ములో కాదు, వెనక డ్రమ్ములో, అదే నంబరు. ఒక్క అంకె తేడా లేదు.

పెద్దాయన పేజీ మీద వంగి, తన పెన్సిలుతో ఒక్కో అంకె కొట్టి చూశాడు. లేచి వెనక గదిలోకి వెళ్లాడు. రెండు అట్టపెట్టెలతో వచ్చాడు. సీలు కూడా విప్పనివి.

"ఆ సెడాన్లు మా దగ్గర లేవిప్పుడు. పంపేశారు. ఇవి నాలుగేళ్లుగా నా అల్మారాలో పడి ఉన్నాయి. ఎవరికి కావాలి అనుకున్నాను" అన్నాడు. ఒక్కో పెట్టెలో వెనక డ్రమ్ముకి నాలుగు రాపిడి ప్లేట్లు, వాటి ఉక్కు ప్లేట్లు, గేర్‌బాక్సు మొత్తానికీ సీళ్లు, ఫిల్టరు. తన ఆఫీసరు దగ్గరికి తనే వెళ్లి, ఆసుపత్రి పేరు చెప్పి, సంతకం చేయించుకొచ్చాడు. ఆ పెట్టెల్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని, పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని వచ్చాను.

పెట్టెల్లో ఉన్నవన్నీ మాకు సరిపోవని ఈసారి నాకు తెలుసు. ఒక్కో ముక్కనీ నేను రాసుకున్న నంబర్లతో పోల్చాను. పంపు సీలు సరే. కింది ఫిల్టరు సరే. ముందు డ్రమ్ము పిస్టను చుట్టూ ఉండే రబ్బరు సీలు మాత్రం చివరి అక్షరం తేడా. చూపుకి ఒకటే. డ్రమ్ములో పెట్టి చూస్తే వెంట్రుకవాసి వదులు. నెల కిందటి నేనైతే సంతకం పెట్టేసేదాన్ని.

కశ్మీరీ గేటులో రబ్బరు సీళ్లు పోసే ఒక ముసలాయన ఉండేవాడు. కొలత ఇస్తే మూడు రకాల రబ్బరుతో మూడు చేసిచ్చాడు. ఏది నిలుస్తుందో తనకీ తెలియదన్నాడు. మేము మూడింటినీ మూడు జాడీల్లో, ఈ గేర్‌బాక్సుల్లో పోసే ఎర్ర ఆయిల్లో ముంచి, స్టవ్వు మీద సన్న సెగన పెట్టాం. సాయంత్రానికి మొదటిది పూరీలా పొంగింది. రెండోది మర్నాటికి గట్టిపడి పుటుక్కున విరిగింది. మూడోదాన్ని రెండు రోజులు ఉడికించి తీసి కొలిస్తే, వేసినప్పటి కొలతే. ఉస్తాద్‌జీ దాన్ని సాగదీసి, వదిలి, చెవి దగ్గర పెట్టుకుని, "ఇది పతివ్రత" అన్నాడు హిందీలో. మొత్తం షెడ్డు నవ్వింది.

బిగించే రోజు నేను స్టోరు మూసేసి ఆయన పక్కనే స్టూలు వేసుకున్నాను. ఒక ఉక్కుది, ఒక పూతది. మొదటిది, రెండోది. అయిదోది ఆయన నా చేతికిచ్చాడు. "నువ్వు పెట్టు." పెట్టాను. పైన లాకు రింగు. ప్లేట్ల మధ్య ఎంత సందు ఉండాలో పుస్తకం నుంచి రాసుకొచ్చాను. సన్నటి రేకుల గేజితో కొలిస్తే, మధ్యస్థంగా, ఎంత ఉండాలో అంత.

చివరగా ఆయన ఆయిలు వెళ్లే రంధ్రంలోకి గాలి గొట్టం పెట్టి ఒక్కసారి వదిలాడు. లోపల "ధబ్" అని ఒకే చప్పుడు. పొడిగా, గట్టిగా. మొదటిసారి బిగించినప్పుడు అది మెత్తగా, కాస్త ఆలస్యంగా వచ్చిందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆయన నావైపు చూశాడు. మళ్లీ గాలి వదిలాడు. ధబ్. అవసరం లేకపోయినా ఇంకో మూడుసార్లు వదిలాడు. నేనూ వద్దనలేదు.

చీటీ మీద రాశాను. ఈసారి "సరిపోతాయి" అని ఒక్క మాట కాదు. ఒక్కో వస్తువు పక్కన నంబరు, కొలత, అది ఎందుకు సరిపోతుందో ఒక వాక్యం. అలా రాయడం ఉద్యోగం మానే రోజు దాకా మానలేదు. నా తర్వాత వచ్చినవాళ్లు ఈవిడ చీటీలు కావు, నవలలు రాస్తుంది అనేవారట.

ఇరవై తొమ్మిదో తారీఖు పొద్దున ఉస్తాద్‌జీ, నేనూ వాన్‌ని అప్పగించడానికి ఘాజియాబాద్ బయల్దేరాం. చలికాలం. ఇసుక బస్తాలు వేసి రెండు రోజులు ఢిల్లీ అంతా తిప్పాం గనుక ధైర్యంగానే ఉన్నాం. ఆసుపత్రి ఆవరణలోకి వెళ్లేసరికి మెట్ల మీద హడావుడి. అక్క పరుగెత్తుకొచ్చింది.

కాన్పు కష్టమైన ఒకావిడ. రక్తం ఆగడం లేదు. ఆపరేషన్ చెయ్యాలి, ఆ రోజు మత్తు డాక్టరు ఊళ్లో లేడు. ట్యాక్సీ కోసం మనిషిని పంపి అరగంటయింది. మెట్ల మీద నిలబడ్డ పెద్ద డాక్టరమ్మ వాన్‌ని చూసి, "ఇదా? మళ్లీ ఇదా?" అంది.

అక్క నా రెండు భుజాలూ పట్టుకుంది. మామూలుగా నన్ను ఆటపట్టించే మనిషి. ఆ రోజు ఆమె మొహంలో నవ్వన్న మాటే లేదు.

"నిజం చెప్పవే. వెళ్తుందా?"

ఉస్తాద్‌జీ కిటికీలోంచి మమ్మల్నే చూస్తున్నాడు. తెలుగు రాకపోయినా ప్రశ్న అర్థమైంది ఆయనకి. జవాబు నాకు వదిలేశాడు.

మనం చేసిన పని మీద మనకి ఎంత నమ్మకముందో కాగితం మీద సంతకం పెట్టినప్పుడు తెలియదు పిల్లలూ. రక్తం కారుతున్న మనిషి మంచం మీద ఉండగా, సొంత అక్క అడిగినప్పుడు తెలుస్తుంది. నా మనసు ఒక్కసారి లోపలికంటా వెళ్లొచ్చింది. అయిదు ప్లేట్లు. సందు. సీలు. ధబ్.

"వెళ్తుందక్కా. నేనూ వస్తాను."

ఉస్తాద్‌జీయే నడిపాడు. ఆసుపత్రి డ్రైవరు భయ్యా, అక్కా వెనక, రోగితో. నేను ముందు సీట్లో. కాళ్ల కింద పట్టా ఎత్తి, గేర్‌బాక్సు మీది రేకు మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాను. వణుకు తెలుస్తుందని, వేడి తెలుస్తుందని.

హిండన్ వంతెన దగ్గరికి వచ్చాం. చెరకు లారీలు, ఎడ్లబళ్లు, సైకిళ్లు, ముందంతా ఒకే ముద్ద. వాన్ ఆగడం, కదలడం, ఆగడం. ఇలాంటి నడకలోనే గేర్‌బాక్సు ప్రాణం పోయేది. ఎత్తు మీద ఆగాం. వెనక నుంచి అక్క గొంతు, "కళ్లు తెరువు దీదీ, నన్ను చూడు, నన్ను చూడు" అని హిందీలో ఆవిడతో మాట్లాడుతూనే ఉంది.

అప్పుడు వాసన వచ్చింది. మాడిన వాసన.

ఉస్తాద్‌జీ చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. నావైపు చూశాడు. నేను రేకు మీద చెయ్యి అలాగే ఉంచి, తల కిటికీలోంచి బయటికి పెట్టి ఊపిరి పీల్చాను. మాడిన గేర్‌బాక్సు ఆయిలు వాసన నెల రోజులుగా నా బట్టల్లో, జుట్టులో ఉంది. దాన్ని నిద్రలోనైనా గుర్తుపడతాను. ఇది అది కాదు. ముందున్న చెరకు లారీ చక్రాల దగ్గర సన్నటి పొగ.

"మనది కాదు. లారీ బ్రేకులు. పోనివ్వండి."

"పక్కా?"

"పక్కా."

ఆయన పెడల్ తొక్కాడు. వాన్ ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. అంత బరువుతో, ఆ ఎత్తు మీద, జారకుండా, కుదుపు లేకుండా ముందుకి సాగింది. వంతెన దిగుతుంటే నా అరచేతి కింద గేరు మారింది. చిన్న తాకిడి, అంతే. షాహ్‌దరా, యమునా వంతెన, ఢిల్లీ. నాకు ఆ దారి ఏమీ గుర్తులేదు. ఆ మారడాలు మాత్రం ప్రతి ఒక్కటీ గుర్తుంది.

పెద్దాసుపత్రి లోపలికి ఆవిడని పరుగున తీసుకెళ్లారు. వెంట అక్క వెళ్లింది. మేము ముగ్గురం ఆవరణలో చెట్టు నీడలో వాన్ ఆపి కూర్చున్నాం. ఉస్తాద్‌జీ ఆయిలు కొలిచే పుల్ల తీసి, తెల్ల గుడ్డ మీద తుడిచి నాకు చూపించాడు. లేత ఎరుపు. ఒక్క నల్ల చుక్క లేదు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఏమీ లేదు, కొత్త ఆయిలు వాసన తప్ప.

రెండు గంటల తర్వాత అక్క మెట్లు దిగుతూ కనిపించింది. దూరం నుంచే రెండు వేళ్లు ఎత్తి చూపించింది. ఇద్దరూ. తల్లీ, పిల్లా. దగ్గరికి వచ్చాక వాన్ తలుపుకి ఆనుకుని గట్టిగా నవ్వేసింది. డ్రైవరు భయ్యా తలపాగా గుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు.

ఆ వాన్ తర్వాత చాలా ఏళ్లు నడిచింది. కమిటీ అమ్మే మాట ఎత్తలేదు. వేళ్లు పోయిన కార్మికుడిని ఆ తర్వాత వెళ్లి చూశాను. నా తప్పు ఇదీ అని చెప్పాను. అతను నన్ను కూర్చోమని, ఎడమ చేత్తో చాయ్ ఇచ్చాడు. క్షమించానని అనలేదు, అనాలని నేనూ అడగలేదు. ఈ రెండు బండి ప్రయాణాల్నీ నేను ఎప్పుడూ కలిపే గుర్తుపెట్టుకున్నాను. ఒకటి లేకుండా రెండోది నాకు లేదు.

కానీ ఆ రోజు సంగతి ఇంకా కొంచెం ఉంది. తిరిగి బయల్దేరే ముందు ఉస్తాద్‌జీ డ్రైవరు సీటు దిగి, నన్ను ఎక్కమన్నాడు.

"నాకు బండి నడపడం రాదు ఉస్తాద్‌జీ."

"తెలుసు. ఇందులో పెడల్స్ రెండే. ఒకటి పోవడానికి, ఒకటి ఆగడానికి. మధ్యలో జరిగేదంతా నీకు నాకన్నా బాగా తెలుసు."

అక్క వెనక నుంచి, "ఎక్కవే, ఎవరూ లేరు" అంది. ఆసుపత్రి వెనక వైపు విశాలమైన ఖాళీ ఆవరణ. చీర కుచ్చెళ్లు దోపుకుని ఎక్కాను. ఆయన పక్క సీట్లో కూర్చుని, ఎక్కడ చెయ్యి పెట్టాలో చూపించాడు. పెడల్ మీద కాలు మోపాను. అంత పెద్ద బండి నా మాట విని కదిలింది. ఇంకొంచెం తొక్కాను. ఎదురుగా గోడ, పక్కన వేపచెట్టు, ఎండ. నా కింద ఎక్కడో అయిదు ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. తర్వాత, నేనేమీ చెయ్యకుండానే, మొదటి గేరు రెండోదయింది.

"మారింది" అన్నాను.

"ఆఁ, మారింది" అన్నాడు ఉస్తాద్‌జీ. "ఇప్పుడు ఆపు, గోడ వస్తోంది."